సామాను కాచినవారి పాలు

పాఠ్యభాగము: 1 సమూయేలు 30:9-25
తోడుగా చదువవలసినవి: ఆదికాండము 21:9-19, నిర్గమకాండము 21:10-11, 1 తిమోతి 5:8



ఈ నెల పాఠము వ్రాయుటకు కలము పట్టినప్పుడు మాకు సంకోచము కలిగెను. విడాకుల తరువాతి లెక్కలను గూర్చి సంఘ పత్రికలో వ్రాయుట తగునా అని కొందరు అడుగవచ్చును. వివాహబంధము నిలుపుకొనవలసినదే అన్నది మన ప్రభువు బోధ. దానిని మార్చుటకు మేమెంతవారము? అయినను విరిగిన ఇండ్లు మన మధ్య ఉన్నవి. ఆదివారము మనతో కూడ బల్లల మీద కూర్చుండువారిలోనే ఉన్నవి. ఇల్లు విరిగినంత మాత్రమున న్యాయము చేయవలసిన బాధ్యత తీరిపోదు. ఈ విషయములో మేమొక తప్పు చేసితిమి. దానిని ఒప్పుకొనుట వలన మరియొక సంఘమునకు మేలు కలుగునేమో అను ఆశతో వ్రాయుచున్నాము.

1. మరలో పదునారేండ్లు

మేము పరిచర్య చేయు గ్రామములలో ఒకదానియందు ఒక కుటుంబము పిండిమర, కారంమర నడుపుకొనుచుండెను. ఊరును పేరులును విడిచిపెట్టుచున్నాము. భర్త మోటారును బెల్టులను చూచుకొనును, టౌనుకు పోయి సరకు తెచ్చును. భార్య తెల్లవారక మునుపే మర తెరచి, వచ్చిన డబ్బాలు తూచి వరుసలో పెట్టి, పిండి పట్టి, కారము ఘాటుకు దగ్గుచు కండ్లు తుడుచుకొనుచు పనిచేసి, రాత్రి పద్దు వ్రాసెడిది. మొదటి మోటారు కొన్నప్పుడు పుట్టింటివారు పెట్టిన ఆమె గాజులు తాకట్టుకు పోయినవి. మరల చేతికి రాలేదు. లైసెన్సు, కరెంటు మీటరు, బ్యాంకు ఖాతా అన్నియు భర్త పేరిటనే ఉండెను.

పదునారేండ్లకు ఆ ఇల్లు విరిగెను. కారణములు ఇక్కడ అనవసరము. పెద్దలమందరము ఎన్ని మారులు కూర్చుండబెట్టినను వారు కలియలేదు. చివరకు మా ఇంటి అరుగు మీద స్టాంపు కాగితము వ్రాయబడెను. మర అతనిది. పిల్లలిద్దరు ఆమెయొద్ద ఉందురు. నెలకు మూడువేల రూపాయలు అతడు ఇచ్చును. ఇద్దరును తమ ఇష్టము చొప్పుననే వేరుగా ఉందురు. ఈ కడపటి వాక్యము మేమే చెప్పి వ్రాయించితిమి. గొడవ లేకుండ ముగిసెనని ప్రార్థన చేసి, అందరికిని టీ ఇప్పించి పంపితిమి.

నాలుగు నెలలు డబ్బు వచ్చెను. అయిదవ నెల నిలిచిపోయెను. ఒక సాయంకాలము ఆ సహోదరి మా గుమ్మము దగ్గర నిలువబడి చెప్పిన మాట ఇప్పటికిని మా చెవులలో ఉన్నది.

"అయ్యగారండీ, మీరు నాకు ధర్మం ఇప్పించారండీ. నేనడిగింది ధర్మం కాదండీ. ఆ మరలో నా పాలు ఎంతో ఒక్కరూ లెక్క కట్టలేదండీ."

మేము జవాబు చెప్పలేకపోతిమి. అతడు ఎంత ఇయ్యగలడని అడిగితిమి గాని, ఆమెది ఎంత అని అడుగలేదు. పద్దు పుస్తకము తెమ్మని కూడ అనలేదు. సెమినరీలో మాకు హెబ్రీ అక్షరములు నేర్పిరి. పద్దు పుస్తకము చదువుట ఎవరును నేర్పలేదు.

2. బెసోరు వాగు దగ్గర జరిగిన తీర్పు

ఆ రాత్రి మాకు దావీదు కథ జ్ఞాపకము వచ్చెను. అమాలేకీయులు సిక్లగును కాల్చి, భార్యలను పిల్లలను చెరపట్టుకొని పోయిరి. దావీదు ఆరువందల మందితో వారిని తరిమెను. బెసోరు వాగు దగ్గరకు వచ్చునప్పటికి రెండువందల మంది అలసిపోయి దాటలేక నిలిచిపోయిరి; సామాను వారియొద్ద ఉండెను. నాలుగువందల మంది పోయి గెలిచి, పోయినదంతయు తిరిగి తెచ్చిరి.

అప్పుడు వెళ్లినవారిలో దుర్మార్గులైన కొందరు ఒక పేచీ పెట్టిరి. యుద్ధమునకు రానివారికి దోపుడుసొమ్ములో ఏమియు ఇయ్యనక్కరలేదనియు, ఎవరి భార్యను పిల్లలను వారు తీసికొని పోవలసినదనియు వారి మాటల సారాంశము. 22వ వచనము మరల చదువుడి. మన గ్రామములలో విడిపోయిన భార్యతో అనునది సరిగా ఇదే గదా! పిల్లలను తీసికొని పొమ్ము, వ్యాపారము సంగతి అడుగకుము అందురు.

దావీదు ఒప్పుకొనలేదు. ఆ సొమ్ము తమ బలము వలన వచ్చినది కాదనియు, దేవుడిచ్చినదనియు అతడు చెప్పెను. పోరాడినవానికి ఎంతో, సామాను కాచినవానికిని అంతే అని తీర్పు తీర్చెను. అది ఆనాటి కోపము చల్లార్చుటకు చెప్పిన మాట మాత్రమే కాదు. ఇశ్రాయేలీయులకు కట్టడగా నిలిచెనని 25వ వచనము చెప్పుచున్నది.

వాగు ఒడ్డున సామాను కాచినవారు లేకున్నయెడల ముందుకు పోయినవారు తేలికగా పరుగెత్తగలుగుదురా? డబ్బాలు తూచి పద్దు వ్రాసిన చేయి లేకున్నయెడల ఆ మర పదునారేండ్లు తిరుగునా?

3. పాలు వేరు, మనోవర్తి వేరు

మా తప్పు ఎక్కడ ఉన్నదో అప్పుడు తెలిసెను. రెండు ప్రశ్నలను మేము ఒకటిగా కలిపివేసితిమి. కలిసి కూడబెట్టిన దానిలో ఆమె భాగమెంత అన్నది మొదటి ప్రశ్న. ఇకమీదట ఆమెయు పిల్లలును బ్రదుకుటకు అతడు నెలనెల ఇయ్యవలసినదెంత అన్నది రెండవది. మొదటిది గడచిన పదునారేండ్లకు చెందిన బాకీ. రెండవది రాబోవు దినములకు చెందిన బాధ్యత. ఒకటి ఇచ్చినంత మాత్రమున రెండవది తీరదు.

రెండవ దానికి కూడ వాక్యాధారము కలదు. దాసిగా వచ్చి భార్యయైన స్త్రీ విషయములో సహితము, భర్త మరియొకతెను చేసికొన్నను, మొదటిదాని తిండిబట్టలకును దాంపత్యపు హక్కునకును లోటు చేయరాదని నిర్గమకాండము 21వ అధ్యాయము విధించుచున్నది. దాసికే ఇంత రక్షణ యున్నప్పుడు, సంఘము ఎదుట ప్రమాణము చేసి తెచ్చుకొన్న భార్యకు తక్కువ ఉండునా? యూదులు తరువాతి కాలమున 'కెతుబా' అను వివాహ పత్రికలోనే, విడిచిపెట్టినయెడల భార్యకు ఇయ్యవలసిన సొమ్మును ముందుగా వ్రాయుచుండిరి. ఆ సమయము వచ్చినప్పుడు మనుష్యుని చేయి ముడుచుకొనునని వారెరుగుదురు.

అబ్రాహాము చేయియు ముడుచుకొనెను. వెండియు బంగారమును పశువులును విస్తారముగా గల ఆ పితరుడు హాగరును కుమారునితో కూడ పంపివేసినప్పుడు ఇచ్చినది రొట్టె, ఒక తిత్తి నీళ్లు. లేఖనము దానిని దాచలేదు. నీళ్లు ఎప్పుడు అయిపోయెనో కూడ చెప్పినది. అరణ్యములో ఆ పిల్లవాని మొర దేవుడు వినెను. మేము వ్రాయించిన మూడువేల కాగితము కూడ అట్టి తిత్తియే.

4. చట్టము ఇచ్చునది, ఇయ్యనిది

తరువాత మేము ఒక ప్లీడరుగారి యొద్ద కూర్చుండి నేర్చుకొన్న సంగతులు మీకు తెలియజేయుచున్నాము.

క్రైస్తవుల విడాకులకు 1869 నాటి విడాకుల చట్టము వర్తించును. సంఘపు పెద్దలు గాని పంచాయతీ గాని వ్రాసియిచ్చు విడాకులు చట్టము ఎదుట చెల్లవు. 2001లో ఈ చట్టము సవరింపబడి, ఇద్దరి సమ్మతితో విడాకులు కోరుటకు 10-ఎ అను సెక్షను చేరెను. అంతకు మునుపు, కేసు నడుచు కాలములో భార్యకు ఇచ్చు మనోవర్తి భర్త నికర ఆదాయములో అయిదవ వంతు మించరాదను హద్దు ఉండెను. ఆ సవరణతో అదియు పోయెను. అట్టి దరఖాస్తును నోటీసు అందిన అరువది దినములలో సాధ్యమైనంతవరకు తేల్చవలెనని 36వ సెక్షను చెప్పుచున్నది. డిక్రీ పొందిన భార్యకు శాశ్వత మనోవర్తి ఒకే మొత్తముగా గాని, ఏటేట గాని, నెలనెల గాని ఇప్పించుటకు 37వ సెక్షను కలదు.

ఇదిగాక, ఏ మతమువారికైనను వర్తించునది పూర్వపు క్రిమినల్ ప్రొసీజరు కోడు 125వ సెక్షను. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షను అమలులో ఉన్నది. పూర్వము నెలకు అయిదువందల రూపాయలు మించరాదను హద్దు ఉండగా, దానిని 2001లో తీసివేసిరి. ఆర్డరు అయిన సొమ్ము బాకీ పడినయెడల, అది ఇయ్యవలసిన తేదీ నుండి ఒక సంవత్సరము లోపల వసూలుకు దరఖాస్తు పెట్టవలెను. ఓర్చుకొందమని ఊరకున్న సహోదరీలు ఈ గడువు పోగొట్టుకొనుచున్నారు.

2020 నవంబరు 4న రజనేష్ వర్సెస్ నేహా అను కేసులో సుప్రీము కోర్టు, మనోవర్తి కేసులలో ఇరుపక్షములవారును తమ ఆదాయము, ఆస్తి, అప్పులు, ఖర్చులు ప్రమాణ పత్రము మీద తెలుపవలెననియు, మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదీ నుండియే ఇయ్యవలెననియు చెప్పెను. ఇంత శాతము అను ఒకే కొలత ఏదియు లేదు.

మనోవర్తి సంగతి ఇట్లుండగా, పాలు సంగతి వేరు. భార్యాభర్తలు కూడబెట్టిన ఆస్తిని విడాకుల వేళ సగము సగము పంచవలెనను సాధారణ చట్టము మన దేశములో లేదు. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టము భార్య సంపాదనను ఆమె సొంత ఆస్తిగా ఎంచును. అయితే ఆ వ్యాపారము ఆమె నడిపినదై యుండవలెను, భర్త నడిపినదై యుండరాదు. 1932 నాటి భాగస్వామ్య చట్టము ప్రకారము భాగస్వామ్యము ఒడంబడిక వలన కలుగును గాని బంధుత్వము వలన కలుగదు. కాబట్టి లైసెన్సు భర్త పేరిట ఉండి, కాగితము ఏదియు లేనప్పుడు, పదునారేండ్ల చాకిరి కోర్టులో ఋజువు చేయుట మిక్కిలి కష్టము. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పులో, ఇంటిపని చేసిన భార్యయు ఆస్తి సంపాదనకు తోడ్పడినదేయని ఒప్పుకొని ఆమెకు సమభాగము ఇచ్చెను. అది మంచి తీర్పు. అయినను మన కోర్టులు తప్పక అనుసరింపవలసిన శాసనము కాదు.

ప్రియులారా, చట్టము ఊరకున్న చోటనే మన మనస్సాక్షికి పని కలదు.

5. పాలు కట్టు విధము

లెక్క ఎట్లు కట్టవలెనో ఒక ఉదాహరణగా చూపుచున్నాము. ఇవి ఆ కుటుంబపు అంకెలు కావు.

మరలు, మోటార్లు ఈనాటి ధరకు 2,40,000 రూపాయలు. కొట్టు అడ్వాన్సు 60,000. సరకు 50,000. రావలసిన బాకీలు 30,000. వెరసి 3,80,000. ఇందులో బ్యాంకు అప్పు 1,00,000, షావుకారుకు ఇయ్యవలసినది 20,000 తీసివేయగా మిగులు 2,60,000. తరువాత ఎవరి పెట్టుబడి వారికి రావలెను. గాజుల మీద వచ్చిన 60,000 ఆమెది; అతడును సొంత సొమ్ము పెట్టియున్నయెడల అదియు అట్లే. మిగిలిన 2,00,000 చెరి సగము. అనగా ఆమెకు రావలసినది 1,60,000. మొదట బయటి అప్పులు, పిమ్మట పెట్టుబడి, పిమ్మట మిగులు అను ఈ వరుస భాగస్వామ్య చట్టము 48వ సెక్షనులోని వరుసయే. నాలుగు ఊళ్లవారు ఆ మరకే వచ్చు అలవాటున్నయెడల ఆ మంచిపేరుకును ఒక విలువ కట్టవలెను. మర ఉంచుకొనువాడు దానిని అనుభవించును గదా.

మర విలువ ఎవరు చెప్పవలెను? ఇద్దరికిని చుట్టము కాని మెకానిక్కు ఒకరు చెప్పవలెను.

ఇక ఇచ్చుట ఎట్లు? అంతయు ఒకేసారి అడిగినయెడల మరను పాత ఇనుము ధరకు అమ్మవలసి వచ్చును. పాలిచ్చు గేదెను కోసి పంచుకొన్నవారికి మరునాడు పాలుండవు. నెలకు 4,000 చొప్పున నలుబది నెలలలో తీర్చునట్లు వ్రాసికొనవచ్చును. రెండు వ్యాపారములున్నచోట చెరియొకటి తీసికొనవచ్చును. విడిపోయిన తరువాత ఒకే కొట్టులో భాగస్థులుగా ఉందుమనుట మాత్రము మా యెరుకలో నిలుచుట అరుదు.

6. మనోవర్తి కట్టు విధము

అదే ఉదాహరణలో నెలకు మర రాబడి 45,000 అనుకొందము. కరెంటు 9,000, కూలి 8,000, బ్యాంకు వాయిదా 4,000, అద్దె 3,000, మరమ్మతు 3,000. వెరసి 27,000 పోగా 18,000 మిగులును. పాలు వాయిదా 4,000 పోగా 14,000. దీనిమీద అతడును, అతని ముసలి తల్లియు, ఆమెయు, పిల్లలిద్దరును ఆధారపడియున్నారు. మొదట పిల్లల ఫీజులు, తిండి, మందులు చూడవలెను. ఆమెకు వేరే సంపాదన యున్నయెడల అదియు దాచక చెప్పవలెను. పిల్లలకు 4,500, ఆమెకు 2,500 అని ఒప్పుకొన్నారనుకొనుడి. పాలు వాయిదా తీరిన నాడు ఆ మొత్తము మరల సరిచూచుకొనవలెను. పిల్లలు కాలేజీకి పోవు నాడును అట్లే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకే రూపాయిని రెండు పేరులతో లెక్కింపరాదు; పాలు వాయిదా ఇచ్చి అదే మనోవర్తి అనుట, మనోవర్తి ఇచ్చి దానిని పాలులో తగ్గించుట రెండును మోసమే. రెండవది, మరలో ఏమియు మిగులుట లేదని చెప్పువాని కరెంటు బిల్లులు తెప్పింపుడి. ఏడాదికి మర ఎంత తిరిగినదో మీటరు చెప్పును. దొంగ తూకము దేవునికి అసహ్యమని మనము కొట్టువారికి ప్రసంగించుచున్నాము. దాచిపెట్టిన పద్దును దొంగ తూకమే.

7. సంఘ పెద్దలకు ఒక మాట

మేము వ్రాయించిన కడపటి వాక్యము సంగతి ఇంకను చెప్పలేదు. ఆమె మనోవర్తికి దరఖాస్తు పెట్టినప్పుడు ఎదుటి ప్లీడరు మా స్టాంపు కాగితము తీసి ఆ వాక్యమే చదివెను. భార్యాభర్తలు పరస్పర సమ్మతితో వేరుగా ఉన్నయెడల భార్యకు మనోవర్తి హక్కు లేదని ఆ సెక్షనులోనే ఒక ఉపవాక్యము కలదు. విడాకులు పొందిన తరువాత ఆ అడ్డంకి నిలువదని సుప్రీము కోర్టు 1995లోనే చెప్పెను. అయితే అప్పటికి వారికి విడాకులు కాలేదు. శాంతి కొరకని మేము వ్రాయించిన మాట ఆమె అన్నమునకు అడ్డుపడెను. కోర్టు వరండాలో నిలువబడి ఆ మాట విన్నప్పుడు మేము తలయెత్తలేకపోతిమి.

కావున పెద్దలారా, తెలియని చట్టము మీద కాగితము వ్రాయకుడి. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము పొందు హక్కు 1987 నాటి న్యాయ సేవల చట్టము 12వ సెక్షను వలన కలదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఆమెను వెంటబెట్టుకొని పొండు. ఇద్దరును ఒప్పుకొన్న లెక్క లోక్ అదాలత్‌లో అవార్డుగా వ్రాయబడినయెడల అది సివిలు కోర్టు డిక్రీతో సమానము. పెండ్లి నాడే, వ్యాపారము పెట్టిన నాడే, ఇద్దరి పేరుల మీద భాగస్వామ్యపు పత్రము వ్రాసికొనుడని యౌవనస్థులకు చెప్పుడి. అది అపనమ్మకము కాదు. ఒకే చాకిరికి రెండు పేరులు పెట్టుటయే.

ఆ కుటుంబము సంగతి ఇది. చాలా నెలల తరువాత, పద్దు పుస్తకములు, కరెంటు బిల్లులు ముందు పెట్టుకొని, పొరుగూరి మెకానిక్కు చెప్పిన ధర మీద లెక్క తేలెను. పాలు ఒక కాగితము, మనోవర్తి ఒక కాగితము. రెండును లోక్ అదాలత్‌లో వ్రాయబడినవి. విడాకుల డిక్రీ తరువాత కోర్టు ఇచ్చెను. ఆమె తన పాలు వాయిదాలతో గ్రైండరు కొని ఇడ్లీ పిండి అమ్ముకొనుచున్నది. వాయిదాలు కొన్ని ఆలస్యమగుచున్నను వచ్చుచున్నవి. అతడు మా మీద కోపముతో గుడికి వచ్చుట మానెను. మొదటనే లెక్క సరిగా చూచియుంటిమేని అతనికిని ఇంత పంతము రాకపోయెడిదేమో. అతని కొరకును ప్రార్థింపుడి. అతడును మన మందలోనివాడే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ ఇంటి వ్యాపారములో ఎవరి పేరు కాగితము మీద ఉన్నది? ఎవరి చాకిరి కాగితము మీద లేదు?
2. 1 సమూయేలు 30:22లో దుర్మార్గులు ఇచ్చుటకు ఒప్పుకొన్నదేమి, ఒప్పుకొననిదేమి?
3. మన సంఘములో భర్త విడిచిన సహోదరి యున్నయెడల, ఈ నెలలో ఆమెను చూచి, రావలసినది వచ్చుచున్నదా అని అడిగిన పెద్ద ఒకరైనను ఉన్నారా?

ప్రార్థన

ప్రభువా, అరణ్యములో పిల్లవాని మొర విన్నవాడవు నీవు. విరిగిన ఇండ్లను కరుణించుము. లెక్క దాచువారికి సత్యమును, లెక్క అడుగువారికి ధైర్యమును, లెక్క చూచు మాకు వివేకమును దయచేయుము. మేము తొందరపడి వ్రాయించిన కాగితములను క్షమించుము. ఆమేన్.